మెడలో అట్ట

నా చిన్నప్పుడు మా బడిలో ఒక అట్టముక్క ఉండేది. దాన్ని తలచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊరు మాడుగులపల్లి నుంచి మిర్యాలగూడలో ఇంగ్లీషు మీడియం బడికి నన్ను బస్సులో పంపేవారు. అక్కడ తెలుగు దొర్లినా, ఇంగ్లీషు తప్పు పలికినా, 'నాకు ఇంగ్లీషు రాదు' అని రాసిన అట్టను సాయంత్రం దాకా మెడలో వేసుకు తిరగాలి. ఒకరోజు తాగడానికి నీళ్ళు కావాలని అడగబోయి తప్పు మాట్లాడాను. సారు నా మెడలో అట్ట వేశాడు, నీళ్ళు మాత్రం దొరకలేదు. దాహంతో ఉన్న పిల్లకు నీళ్ళివ్వకుండా తప్పులు పట్టేవాణ్ణి సారని ఎలా అనాలి?

ఆ రోజు నుంచి నా నోరు పడిపోయింది. బడికి పోనని మొండికేశాను. మా నాయన విసిగిపోయి, "సదువు అబ్బకుంటే ఏంజేస్తం, నాట్లకు రా ఇగ" అన్నాడు. అలా నా చదువు దాదాపు ఖతమైంది.

పక్కింటి అక్క సూర్యాపేటలో డిగ్రీ చదివేది. కాలేజీకి సెలవులిస్తే తనూ నాటుకు వచ్చేది. మడిలో నన్ను తన పక్కనే నిలబెట్టుకుంది. మా నాటు పాటలో ఒకరు ముందు పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు. ఎవరైనా తప్పు పాడినా పాట ఆగదు. ముందు పాడే మనిషి ఆ మాటనే సరిగ్గా మళ్ళీ పాడుతుంది, తప్పినవాళ్ళు తమంతట తామే సర్దుకుంటారు. అక్క నాతో ఇంగ్లీషూ అలాగే మొదలుపెట్టింది. పొద్దున ఏం తిన్నావని ఇంగ్లీషులో అడిగేది. నేను ఎంత వంకరగా చెప్పినా చివరిదాకా వినేది. తర్వాత అదే మాటను సరిచేసి, నాకు జవాబిస్తున్నట్టు తిరిగి అనేది. నేను అందుకునేదాన్ని. వరసలో ఉన్న ఆడవాళ్ళు కూడా నవ్వుకుంటూ అందుకునేవారు.

నేను మధ్యలో బెదిరి ఆగిపోతే మాత్రం ఊరుకునేది కాదు. "పాట నడుమ ఎవరన్న ఆపుతరా పిల్లా? చెప్పేది మొత్తం చెప్పు, తప్పు సంగతి తర్వాత సూద్దం" అనేది.

నాట్లు అయిపోయాక అక్కే నన్ను మళ్ళీ బస్సెక్కించింది. బడిలో కావాలనే నీళ్ళడిగాను. సగంలోనే సారు అట్ట కోసం చెయ్యి చాచాడు. నేను ఆగలేదు. మాట పూర్తిచేశాను. తప్పు నాకే వినబడింది, దాన్ని సర్దుకుని మళ్ళీ మొత్తం చెప్పాను. అట్ట సారు చేతిలోనే ఉండిపోయింది. నేను వెళ్ళి కడుపునిండా నీళ్ళు తాగి వచ్చాను.

మొన్న కోదాడలో నా మనవరాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు నుంచి ఏడుస్తూ వచ్చింది. తను మాట్లాడుతుంటే సారే వెక్కిరించి అందరినీ నవ్వించాడట. అట్ట పోయింది కానీ ఆ బుద్ధి పోలేదు. ఇంట్లో ఆ పిల్ల ఫోనులో ఇంగ్లీషు నేర్పే యాప్‌తో మాట్లాడుతుంటే, ఆ యాప్ ఎన్నిసార్లయినా విసుక్కోకుండా దిద్దుతుంది. ఆ మాత్రం ఓపిక మనిషికి లేకపోవడం సిగ్గుచేటు కాదా?

కళ్ళు తుడుచుకోమని, క్లాసులో చెప్పబోయిన ఆ మాటేదో నాకు చెప్పమన్నాను. సగంలో ఆగి బెదురుగా నా ముఖం చూసింది. నాకు తప్పు వినబడింది. అయినా నడుమ ఆపి దిద్దలేదు. అది చివరిదాకా చెప్పేవరకు అలాగే చూస్తూ కూర్చున్నాను.