ఏడు కన్నాల చేప, ముందరి పళ్ళు ఊడిన పిల్ల

శనివారం రాత్రి, అల్ ఖర్జ్. రియాద్‌లో జరుగుతున్న బడిపిల్లల విజ్ఞాన ప్రదర్శనకు ఎలా వెళ్ళాలని ఇరుగుపొరుగు తల్లులు అడుగుతున్నారు కనుక, అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

మా మనవరాలు వేదకు ముందరి పళ్ళు రెండూ ఊడాయి. తోటిపిల్ల ఒకతె నవ్విందట. అప్పటినుంచి ఇంటి బయట నోరు తెరవడం లేదు. అలాంటి పిల్లకు, సీసాలో భద్రపరిచిన చిన్న మంచినీటి లాంప్రే చేప గురించి చెప్పే పని పడింది. ఈ రోజు చెప్పలేకపోతే రేపు మరొకరిని నిలబెడతామని టీచర్ ముందే చెప్పారు. అది విని పిల్ల సరిగా అన్నం తినలేదు.

ఉదయం ఎనిమిదికి బయలుదేరాం. రానుపోను, వేచి ఉండటంతో కలిపి కారుకు రెండువందల రియాళ్ళు. డ్రైవర్ కడప ఖాదర్ బాషా మాకు పాత పరిచయస్తుడే. గంటకు పైగా పట్టిన దారంతా పాఠం వరుసగా అప్పజెప్పించాలని చూశాను: నోరు, ముక్కు, మొప్పలు, రెక్కలు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినప్పుడూ అదే వరుస. వేద పెదవులు బిగించుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆ చేప జానెడు పొడవు, పెన్సిలంత లావు. పొలుసులు లేవు, దవడలు లేవు. నోరు గుండ్రని గిన్నెలా ఉండి, లోపల మొద్దు పళ్ళుంటాయి. నెత్తిమీద ఒకటే ముక్కు రంధ్రం. వీపున రెక్కలున్నాయి గాని, మామూలు చేపలకుండే జత రెక్కలు లేవు. పిల్లగా ఉన్నప్పుడు చూపు లేకుండా బురదలో ఏళ్ళు గడుపుతుంది. పెద్దయ్యాక కళ్ళు వస్తాయి, తిండి మాత్రం మానేస్తుంది.

ప్రదర్శనలో చూడవచ్చినవాళ్ళు ఇదేం చేపని అడిగారు. వేద తల దించుకుంది. టీచర్ దూరం నుంచి చూస్తూనే ఉన్నారు. అప్పుడు చార్టు మోసుకొచ్చిన ఖాదర్ సీసా ముందు వంగాడు. మా ఇంటికి చేపలు తెచ్చేది ఆయనే. చెంప పక్కన మొప్పల మీది మూత ఎత్తి లోపలి ఎరుపు చూపించనిదే నేను చేపను వంటింట్లోకి రానివ్వను.

"ఏం పాపా, దీనికి ఎత్తి సూపించేదానికి మూతే లేదే. ఇది తెస్తే మీ అమ్మమ్మ నన్ను గడప తొక్కనిస్తాదా?"

వేద పకపకా నవ్వింది. పళ్ళ సందు కనిపించింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"మూతలుండవు మామా. ఇటు ఏడు కన్నాలు, అటు ఏడు. ఊపిరి వాటిల్లోంచే."

ఆగలేదు. రెక్కలు చెప్పింది, ముక్కు చెప్పింది. చిట్టచివర, ఆ చేప నోరెలా ఉంటుందో చూపడానికి తన నోరే గుండ్రంగా తెరిచింది. టీచర్ వచ్చి రేపూ తననే రమ్మన్నారు.

తిరుగుదారిలో, రియాద్‌లోనే ఉన్న బతా బజారులో భోజనం చేశాం. పిల్ల రెండోసారి అన్నం వేయించుకుంది. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని, దవడ లేని ఆ చిన్న నోటిని ఇంత ఇష్టంగా ఎవరూ వర్ణించగా వినలేదు. వెళ్ళేవారికి ఒక సూచన: విజిట్ వీసా మీద వచ్చిన పెద్దలు పాస్‌పోర్ట్ కాపీ దగ్గర ఉంచుకోండి, గేటు దగ్గర అడుగుతారు.

ఇక జరగవలసినవి:

1. రేపటికీ ఖాదర్ కారే మాట్లాడాలి. ఆయన లోపలికి కూడా రావాలి.
2. చార్టు చిరిగిన మూల అతికించాలి.
3. వేద చెప్పిన వరుస నేను నేర్పింది కాదు. దిద్దకూడదు.