పూర్తిపాట డ్రైవరు

రోజూ ఉదయం ఏడు ముప్పై నాలుగుకి తొమ్మిదో నంబరు బస్సు నీళ్ళ ట్యాంకు స్టాపులో ఆగుతుంది. ఆపడం వరకే డ్రైవరు పని. మళ్ళీ కదిలించేది పాట. స్టాపులో బండి ఆపగానే ఆయన ఒక పాట పెడతాడు. ఆ పాట చివరంటా అయ్యేదాకా బండిని అంగుళం కదపడు. మధ్యలో ఆకాశం ఊడిపడినా, పడ్డ ముక్కల్ని పాట అయ్యాకే చూసుకోవాలి. అందుకే ఆయన అసలు పేరు జీతం కాగితం మీద మిగిలిపోయింది. బస్సులో, డిపోలో, ఇంటిపక్కవాళ్ళలో ఆయన్ని అందరూ పూర్తిపాట అనే పిలుస్తారు.

ఆ స్టాపులో టైమ్ కీపరు గది ఉంది. అక్కడి రిజిస్టరులో సంతకం పెట్టాలి. అందుకోసం పది నిమిషాల దాకా ఆగవచ్చని రూలు. సంతకానికి పట్టేది అర నిమిషం. మిగతా తొమ్మిదిన్నర నిమిషాల్ని వాడుకోవచ్చని ఆ డిపో పుట్టినప్పటినుంచి ఇంకే డ్రైవరుకూ తోచలేదు.

ఆ బస్సులో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న కండక్టరమ్మకు మొదట్లో ఈ చాదస్తం పెద్దగా అడ్డు రాలేదు. ఎందుకంటే అప్పట్లో ఆయన పెట్టేది గొడుగు పాట. దాన్ని ఎరగనివాళ్ళు ఉండరు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక బక్కపల్చని కుర్రాడు వాన గురించీ, ఒకే గొడుగు గురించీ, చోటు చాలక తడిసిన ఒక భుజం గురించీ పాడాడు. ఆ ఏడాది టీ కొట్టుకి వెళ్ళినా అదే, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా అదే. తర్వాత ఆ కుర్రాడు ఏం పాడాడో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగనూ లేదు. పాట నిడివి మూడు నిమిషాల నలభై సెకన్లు. ప్రయాణికులు తలలూపేవాళ్ళు, కాళ్ళు తాటించేవాళ్ళు, బస్సు కదిలేది.

మూడు నెలల కిందట పూర్తిపాట పాట మార్చాడు.

గొడుగు పాట కుర్రాడు పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఆల్బం తెచ్చాడు. ఇప్పుడు కుర్రాడు కాదు, పొట్ట వచ్చిందని అట్ట మీది ఫోటోలోనే తెలుస్తోంది. ఆల్బం పేరు ‘కలబోత’. లోకంలో ఉన్న సంగీతాలన్నీ అందులో ఉన్నాయని అట్ట మీద రాశారు. అది అబద్ధం కాదు. వచ్చిన చిక్కల్లా, అవన్నీ ఒక్కో పాటలోనే ఉన్నాయి.

మొదటిరోజు పాట జోలపాటలా మొదలైంది. పొద్దున్నే లేచివచ్చిన జనం హాయిగా కళ్ళు మూశారు. రెండో నిమిషంలో డ్రమ్ములు పిడుగుల్లా పడ్డాయి. బ్యాంకు గుమాస్తా చేతిలోంచి టిఫిన్ క్యారియరు జారి సీట్ల కిందికి దొర్లింది. నాలుగో నిమిషంలో డిస్కో వచ్చింది. అయిదో నిమిషంలో ఇంట్లో ఎవరో పోయినట్టు సాక్సఫోన్ ఏడ్చింది. ఆరో నిమిషంలో అంతా ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని కండక్టరమ్మ విజిల్ నోట్లో పెట్టుకుంది.

పూర్తిపాట వెనక్కి తిరక్కుండానే చూపుడు వేలు పైకెత్తాడు.

“ఇంకా ఉంది.”

ఇరవై సెకన్ల నిశ్శబ్దం తర్వాత గాయకుడు దగ్గాడు. దగ్గి, గొంతు సవరించుకుని, జోలపాట మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.

“ఏంటన్నయ్యా ఇది?”

“పాట.”

“ఒకటా, నాలుగా?”

“ఒకటే. కలిపి పాడాడు.”

“ఎందుకు కలపడం?”

“విడివిడిగా పాడితే ఎవరూ వినలేదేమో పాపం.”

మొత్తం తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు. అంతసేపూ పూర్తిపాట పక్క అద్దంలోకి చూస్తూ రాయిలా కూచున్నాడు. తన్మయత్వం అనుకుంది కండక్టరమ్మ. పాట అయింది, అప్పుడు బండి కదిలింది. పోయిన సమయాన్ని రాబట్టడానికి ఆయన దాన్ని తోలిన తోలుడికి నిలబడ్డవాళ్ళు కూచున్నారు, కూచున్నవాళ్ళు నిలబడ్డారు. ఎప్పటిలాగే ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువకి ఆస్పత్రి స్టాపులో ఉన్నారు.

ఇదే జనానికి మింగుడుపడని సంగతి. ఆలస్యం అని ఫిర్యాదు రాద్దామంటే ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. వేరే దారి లేక పాట మీద పడ్డారు.

కండక్టరు సీటు పక్కన ఫిర్యాదుల పుస్తకం దారానికి వేలాడుతూ ఉంటుంది. అంతకుముందు నాలుగేళ్ళలో అందులో పడ్డవి మూడే. మొదటిది కిటికీ తెరుచుకోవడం లేదని. రెండోది అదే కిటికీ మూసుకోవడం లేదని. మూడోది పుస్తకం పక్కన పెన్ను లేదని. ఇప్పుడు పెన్ను కోసం జనం వంతులు వేసుకుంటున్నారు.

మంగలి షాపు యజమాని రాశాడు: “ఇంతసేపట్లో నేను ఒక తలకాయ పూర్తి చేస్తాను. ఈయన ఒక పాట పూర్తి చేయలేకపోతున్నాడు.”

దర్జీ రాశాడు: “నాలుగు రకాల గుడ్డ తెచ్చాడు. నాలుగూ మంచి గుడ్డే. కలిపి కుట్టడం రాలేదు.”

ఆస్పత్రి నర్సు రాసింది: “ఆరో నిమిషంలో పాట పోయిందనుకున్నాం. మళ్ళీ లేచింది. మా వార్డులో ఇలా జరిగితే సంతోషిస్తాం. ఇక్కడ సంతోషించలేకపోయాం.”

కాలేజీ అమ్మాయి రాసింది: “డిస్కో దగ్గర బాగుంది. కానీ నాకు ఇవాళ పరీక్ష. చదివింది పోయి, డిస్కోనే తలలో ఉంది.”

బ్యాంకు గుమాస్తా మాత్రం వారానికి రెండుసార్లు ఒకే వాక్యం రాసేవాడు: “గొడుగు పాటే పెట్టగలరు.”

అందరికంటే ఘాటైన అభిప్రాయం లాండ్రీ పిన్నిది. ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆ మధ్య మెట్ల మీద జారిపడి మడమ విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ చేతికర్ర వచ్చింది. ఎనిమిదింటికి లోపల వేలిముద్ర వేయాలి. కాలు విరిగి సెలవులన్నీ వాడేసుకుంది కాబట్టి, ఇక మూడుసార్లు ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామని చెప్పేశారు. ఆవిడ రోజూ పాట నడుస్తుండగా ఆయాసపడుతూ ఎక్కేది. ఎక్కుతూనే మొదలుపెట్టేది.

“ఇంకా కదల్లేదా ఈ బండి! ఏమయ్యా డ్రైవరూ, ఈ దిక్కుమాలిన పాట నేనొచ్చేదాకా అవనే అవదా?”

పూర్తిపాట వేలెత్తేవాడు. “ఇంకా ఉంది పిన్నీ.”

ఒకరోజు ఆవిడ కండక్టరమ్మ భుజం పట్టుకుంది. “కళ్ళజోడు తేలేదు. నేను చెప్తాను, నువ్వు రాయి.”

“చెప్పు పిన్నీ.”

“రంగుబట్టలు, తెల్లబట్టలు, కొత్తవి, పాతవి తెచ్చి ఒకే నీళ్ళలో నానేశాడు. ఏ రంగూ మిగల్లేదు. రాశావా? ఆ దగ్గొకటి. దగ్గొస్తే మందు తాగాలి గానీ పాటలో పెడతారా? అదీ రాయి. కింద గీత కొట్టు.”

కండక్టరమ్మ గీత కొట్టింది. సొంత కోపం కూడా కలిసి కాగితం చిరిగింది.

నలభై ఏడో ఫిర్యాదు పడ్డాక పుస్తకాన్ని ఆవిడే డిపో మేనేజరు దగ్గరికి పట్టుకెళ్ళింది. మేనేజరు రూలు పుస్తకాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోయే రకం. పేజీలన్నీ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“సోమవారం మెకానిక్ వచ్చి ప్లేయరు ఊడదీస్తాడు. ఈలోగా ఇవన్నీ తేదీలవారీగా మూడు నకళ్ళు రాసి పట్రా. డిపోకి ఒకటి, పై ఆఫీసుకి ఒకటి.”

“మూడోది ఎవరికండీ?”

“ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ళకి. ఇవి డ్రైవరు మీద కాదు కదా. పాడినాయన మీద. అట్ట మీద అడ్రసు ఉంటుంది, పంపించు.”

శుక్రవారం సాయంత్రం కండక్టరమ్మ వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని నకళ్ళు రాయడానికి కూచుంది. సోమవారం నాలుగు, మంగళవారం మూడు, బుధవారం అయిదు. గురువారం లేవు. తర్వాతి వారం చూసింది. గురువారం లేవు. మూడు నెలల గురువారాలు వేళ్ళ మీద లెక్కేసింది. ఒక్క ఫిర్యాదూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. గురువారాల్లో బ్యాంకు గుమాస్తా తలూపుతూ ఉంటాడు. గురువారం పూర్తిపాట పెట్టేది పాత గొడుగు పాట.

గురువారం ఏముందబ్బా అని గరిట పట్టుకుని పొయ్యి ముందు చాలాసేపు ఆలోచించింది. గురువారం బస్సులో ఉన్నది ఏమీ లేదు. లేనిది మాత్రం ఒకటుంది. ఆరోజు లాండ్రీ పిన్నికి సెలవు.

శనివారం కండక్టరమ్మ టికెట్లు తొందరగా కొట్టేసి డ్రైవరు వెనక నిలబడింది. జోలపాట అయింది, డ్రమ్ములు అయ్యాయి. పూర్తిపాట చూపు అద్దంలోనే ఉంది. ఆవిడా వంగి అద్దంలోకి చూసింది. నీళ్ళ ట్యాంకు వెనక సందు చివర ఒక చేతికర్ర కనిపించింది. కర్ర వెనకాల పిన్ని. కాలు బాగుపడుతున్నట్టుంది, ఎప్పటికంటే గబగబా వస్తోంది. సరిగ్గా ఆరో నిమిషంలో, సాక్సఫోన్ ఆగి బస్సంతా నిశ్శబ్దమైనప్పుడు, కర్ర మెట్టు మీద టక్కుమంది.

“ఇంకా కదల్లేదా ఈ బండి!”

పూర్తిపాట ప్లేయరు కట్టేసి గేరు వేశాడు.

“అయిపోయింది. పోదాం.”

బస్సులో నలభై మంది నోళ్ళు తెరిచారు. కండక్టరమ్మ మెల్లగా వంగింది. “ఇంకా ఉందిగా అన్నయ్యా?”

“ఉంటే ఉండనీ.”

చివరి స్టాపులో జనం దిగాక ఆవిడ ఇంజను పక్కనే కూచుని, చెబితే గానీ దిగనంది. ఆయన గుడ్డతో స్టీరింగు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు.

“పిన్ని మనవరాలిని బడిలో దింపి రావాలి. గేటు తీసేది ఏడున్నరకి. పరుగెత్తుకొస్తే ట్యాంకు స్టాపుకి ఏడు నిమిషాలు. గొడుగు పాట సరిపోయేది. మడమ విరిగాక సరిపోలేదు. పాటల కొట్టుకెళ్ళి, తొమ్మిది నిమిషాలుండే పాటుందా అని అడిగాను. ఇదొక్కటే ఉందన్నాడు. అదృష్టం చూడు, గొంతు మాత్రం మనకి తెలిసిందే.”

“అంటే పాట నీకు నచ్చి కాదా?”

“నచ్చడమా!” పూర్తిపాట అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అది పాటటమ్మా?”

“పిన్ని కోసమని చెప్పొచ్చుగా జనానికి?”

ఆయన తల మీది పలకను చూపించాడు. ఏ ఒక్కరి కోసమూ బండి ఆపరాదు అని ఎర్ర రంగుతో రాసి ఉంది. “అదొకటి. ఇంకోటి, పాట కోసం ఆపితే నన్ను తిడతారు. పిన్ని కోసమంటే రోజూ పిన్నిని తిడతారు. నన్ను తిడితే ఏముంది, అలవాటే.”

ఆ మధ్యాహ్నం కండక్టరమ్మ మళ్ళీ డిపోకి వెళ్ళింది. సోమవారం పనికి మెకానిక్ అప్పటికే స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నాడు.

“ప్లేయరు తీయొద్దండీ. ఇవి ఫిర్యాదులు కావు, అభిప్రాయాలు. బండి ఒక్కరోజూ ఆలస్యం కాలేదని రిజిస్టరే చెప్తోంది. సంగీతం మీద మన డిపోకి అధికారం ఎక్కడిదండీ?”

మేనేజరు రూలు పుస్తకం తిరగేశాడు. సంగీతం కనపడలేదు. అయినా వదల్లేదు.

“నలభై ఏడు సార్లు నచ్చలేదని రాశారమ్మా. ఒక్కరికైనా నచ్చిందా?”

“నాకు నచ్చిందండీ.”

“నీకా! పుస్తకం తెచ్చింది నువ్వేగా?”

“మొదట్లో అర్థం కాలేదండీ. రోజూ వినగా వినగా…”

“ఏం నచ్చింది అందులో?”

కండక్టరమ్మ ఉద్యోగంలో చేరాక ఒక్క టికెట్టూ తప్పు కొట్టలేదు, ఒక్క అబద్ధమూ ఆడలేదు. మొదటి అబద్ధానికి సరుకు దొరక్క ఆవిడ నోరు తడబడింది.

“మధ్యలో ఆ… దగ్గు.”

“దగ్గా?”

“అవునండీ. అంతమందిని పిలిచి పాడిస్తాడు కదా, డ్రమ్ములనీ, సాక్సఫోనునీ. అందరూ వెళ్ళిపోయాక ఒక్కడే మిగిలి గొంతు సవరించుకున్నట్టు ఉంటుందండీ.”

అనేశాక అది అబద్ధంలా వినిపించలేదు. ఆవిడకే కొంచెం భయమేసింది.

మేనేజరు ఫిర్యాదుల పుస్తకాన్ని ఆవిడ ముందుకు తోశాడు. “రాసి సంతకం పెట్టు. నలభై ఎనిమిది. దీన్నీ నకళ్ళలో చేర్చు. రూలు.”

ఆవిడ రాసింది. ప్లేయరు నిలిచింది. నకలు పాటగాడికి వెళ్ళింది.

పిన్ని మడమ పూర్తిగా కుదురుకుంది. పాట ఆపేసే చోటు ఆరో నిమిషం నుంచి డిస్కోకీ, డిస్కో నుంచి డ్రమ్ములకీ దిగివచ్చి, ఒక సోమవారం మళ్ళీ గొడుగు పాట వినిపించింది. బస్సంతా చప్పట్లు కొట్టింది. గట్టిగా కొట్టింది పిన్నే. “చూశావా, నేను రాయించాకే దారికొచ్చాడు” అని బస్సులో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది. పూర్తిపాట వినయంగా తలవంచాడు.

నెల తర్వాత కండక్టరమ్మ పేర డిపోకి ఒక పొట్లం వచ్చింది. లోపల ఒక సీడీ, ఒక ఉత్తరం ఉన్నాయి.

“నలభై ఎనిమిది అభిప్రాయాలూ చదివాను. ఆల్బం గురించి ఇంతమంది రాయడం ఇదే మొదలు. దర్జీ గారు చెప్పింది నిజం, కుట్లు కనిపిస్తున్నాయి. లాండ్రీ ఆవిడ మాట గోడకు అతికించుకున్నాను. దగ్గును పట్టుకున్నది మీరొక్కరే. కొత్త ఆల్బంలో మీకోసం మూడు చోట్ల దగ్గాను.”

కండక్టరమ్మ సీడీని పూర్తిపాట చేతిలో పెట్టింది. “పారేయమంటావా?”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టాడు.

“ఉండనీ. పిన్ని మనవరాలు వచ్చే ఏడు అయిదో తరగతి. పెద్ద బడికి మారుస్తారట. అది రైలు గేటుకి అవతల.”

అట్ట వెనక చూసింది కండక్టరమ్మ. మొదటి పాట నిడివి తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు.