సువర్ణ కొంగున తొమ్మిదో ముడి

బండారులంకలో సువర్ణ కొంగు చూసి ఆ వారం ఆవిడకు ఎన్ని పనులున్నాయో ఎవరైనా చెప్పేయొచ్చు. గ్యాస్ బండ బుక్ చేయాలంటే ఒక ముడి. అత్తగారి బీపీ మాత్రలు తేవాలంటే ఇంకోటి. పక్కింటివాళ్ల ఆధార్ కాగితం అమలాపురంలో జిరాక్స్ తీయించాలంటే మరోటి. ఎవరు ఏ పని చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనే మాట పూర్తయ్యేలోపే ఆవిడ వేళ్లు కొంగు చివర పట్టుకుని ముడి వేసేసేవి. పొద్దున్నే చీర మార్చుకున్నాక, విడిచిన చీర ముడులు లెక్కపెట్టుకుంటూ కట్టుకున్న చీరకు మార్చుకోవడం ఆవిడకు పూజతో సమానం. వచ్చిన చిక్కల్లా ఒకటే. ముడులన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎవరిదో గుర్తుపెట్టుకోవడానికి మళ్లీ బుర్రే కావాలి.

అలాగని ఆవిడ మతిమరుపు మనిషి అంటే మాత్రం ఒప్పుకునేది లేదు. మగ్గం మీద ఒక పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలిపి మెలితిప్పాలి. అచ్చు అతకడం అంటారు దాన్ని. వేల పోగులు, ఒక్కటి తప్పినా చీరలో తెలిసిపోతుంది. పెళ్లయి వచ్చిన ఈ ఇరవై రెండేళ్లలో సువర్ణ అతికిన అచ్చుకు వంక పెట్టినవాళ్లు లేరు. పోగుల దగ్గర అంత నిమ్మళంగా ఉండే మనిషి, మగ్గం దిగి గుమ్మంలోకి వచ్చిందంటే బుర్ర సంతలా అయిపోయేది.

ఆ వారం కొంగుకు తొమ్మిది ముడులు. ఎనిమిది ఇంట్లోవాళ్లవీ బయటివాళ్లవీ, ఒకటి తనది. ఇన్నేళ్లూ ఎవరో గీసిచ్చిన డిజైన్లు నేసిన సువర్ణ, పంట కాలవ నీళ్లలో కదిలే కొబ్బరాకు నీడను గ్రాఫ్ కాగితం మీద తనే గీసుకుని, పసుపుపచ్చ చీరకు అంచుగా నేసింది. చేనేత డిజైన్ల పోటీకి పంపాలని ఆవిడ కోరిక. రెండేళ్లుగా ఆ చీర పెట్టెలోనే ఉంది. రెండేళ్లూ గడువు దాటేకే ఆ సంగతి గుర్తొచ్చింది. ఈసారి ఆఖరి గడువు సోమవారం సాయంత్రం ఐదు గంటలు. ఇదీ దాటితే ఇంక ఆ చీర కట్టేసుకుంటానని తనకు తానే ఒట్టు పెట్టుకుని, తొమ్మిదో ముడి రెండు మెలికలు తిప్పి మరీ వేసుకుంది.

ఆదివారం ఉప్పలగుప్తంలో పెళ్లికి పట్టుచీర కట్టుకుని వెళ్లింది. సోమవారం పొద్దున్నే ముడులు మార్చుకుందామని దండెం దగ్గరికి వస్తే, అక్కడ విడిచిన ముడుల చీర లేదు. అత్తగారు అచ్చయమ్మ దాన్ని ఉతికి, గంజి పెట్టి, పెరట్లో తీగ మీద ఆరేసేసేరు.

"కొంగంతా చిక్కులు పడిపోయిందమ్మా. గోళ్లు నొప్పెట్టేదాకా కూర్చుని అన్నీ విప్పేను," అన్నారావిడ, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

సువర్ణ మెట్టు మీద కూలబడిపోయింది. తొమ్మిది అని తప్ప ఇంకేం గుర్తు లేదు. ఏడుపు కూడా రాలేదు పాపం, అంత కంగారు.

అక్కణ్ణించి మొదలైంది తమాషా. మగ్గం దగ్గర్నించి భర్త సూరిబాబు కేకేసేడు, గ్యాస్ బుక్ చేసేవా అని. ఒకటి దొరికింది. అత్తగారు ఖాళీ మాత్రల అట్ట తెచ్చి చేతిలో పెట్టేరు. రెండు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి జిరాక్స్ అడిగింది. ఓడలరేవు నుంచి చెల్లెలు ఫోన్ చేసి, ఇస్తానన్న ఆవకాయ జాడీ ఏమైందని నిలదీసింది. ఎదురింటి ఝాన్సీ టీచరు మధ్యాహ్నం బడి నుంచి భోజనానికి వస్తూ ఆగి, "సువర్ణగారూ, నా చీరకి కుచ్చులు అయ్యేయాండీ?" అన్నారు. మూడయ్యేసరికి ఎనిమిది పనులూ మనుషుల్ని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసేయి. సువర్ణకు నవ్వొచ్చింది. ఎవరి పని వాళ్లకు ఇంత బాగా గుర్తుంటే, ఇన్నేళ్లూ తనెందుకు మోసుకు తిరిగినట్టు?

తొమ్మిదోది మాత్రం రాలేదు. మూడున్నర దాకా వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ వచ్చి అడగని పని ఏముంటుంది తనకు అనుకుంది. అలా అనుకున్నదో లేదో దిగ్గున లేచి నిలబడింది. ఎవరూ అడగనిదంటే తనదే.

పెట్టె తెరిచి, ఆ పసుపుపచ్చ చీర సంచిలో పెట్టుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వీధిలో పడింది.

"అమలాపురమేనా సువర్ణా? వచ్చేటప్పుడు రెండు కట్టలు తమలపాకులు..." అంటూ ఎవరో అడ్డొచ్చేరు. ఆవిడ వేళ్లు అలవాటుగా కొంగు చివరిదాకా వెళ్లేయి.

"ఇవ్వాళ కాదండీ," అంది.

అనేసి నాలుగడుగులు వేసేక, అన్నది తనేనా అని ఆవిడకే ఆశ్చర్యమేసింది. ఒళ్లంతా తేలిపోయినట్టుంది, పరిగెత్తాలనిపించింది, నిజంగానే పరిగెత్తింది. సీట్లు నిండేదాకా కదలనన్న ఆటో అబ్బాయితో, "పోనీ బాబూ, ఖాళీ సీట్ల డబ్బులూ నేనే ఇస్తాను, నాకు పనుంది," అంది. నాకు పనుంది అనే ఆ మాట ఎంత బాగుందో, దారిలో లోలోపల ఇంకో రెండుసార్లు అనుకుంది.

పోటీకి చీరలు తీసుకునే కార్యాలయానికి చేరేసరికి ఐదుకు ఇంకా పది నిమిషాలుంది. గుమాస్తా చీర మడత విప్పి, అంచు చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసేడు.

"ఎవరు పంపించేరండి మిమ్మల్ని? చేనేత సొసైటీవాళ్లా?"

"ఎవరూ పంపలేదండి. నా చీరండి. నేనే వచ్చేను."

ఫారం మీద తన పేరు రాసి, ఇంకోసారి చదువుకుంది.

తిరిగొస్తూ ఒక పలక కొని, గుమ్మం పక్క మేకుకు తగిలించింది. ఎవరికేం కావాలో వాళ్లే రాసుకోవాలి, అయ్యేక వాళ్లే తుడుచుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఝాన్సీ టీచరు వచ్చి కుచ్చుల సంగతి గుండ్రటి అక్షరాలతో రాసి వెళ్లేరు. రాత రాని అచ్చయమ్మగారు మాత్రలకు గుర్తుగా ఒక సున్నా చుట్టేరు. పోటీ ఫలితాలు ఇంకా రాలేదు, సువర్ణకు మాత్రం అందాకా ఊరికే కూర్చునే ఓపిక లేదు.

ఓ రోజు చీర ఉతకడానికి తీసిన అచ్చయమ్మగారికి కొంగున ఒక్క ముడి కనబడింది.

"పలకుంది కదమ్మా, మళ్లీ ఇదేంటి?"

"అది నాదండి అత్తయ్యా. కొత్త అంచు గీస్తన్నాను."

అచ్చయమ్మగారు ఆ ముడిని కాసేపు వేళ్ల మధ్య తిప్పి చూసి, ఇంకాస్త బిగించేరు.