కట్టు విప్పని కప్ప

కామారెడ్డికి వానల రెడ్ అలర్ట్ అని మనవరాలి ఫోను పొద్దుటినుంచి మోగుతూనే ఉంది. నా ఈడు ఆడపిల్లలు ఎవరైనా మిగిలుంటే చెప్పండి, కప్పతల్లి ఆట గుర్తుందా?

నిజాం కాలం, ఎల్లారెడ్డి. వానల్లేక పొలాలు నెర్రెలు బారితే, రోకలికి వేపమండలతో కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గడపలో దాని మీద బిందెడు నీళ్లు పోశారు. మర్నాడే వాన! ఆ సంబరంలో రోకలిని కప్పతో సహా మూలన పెట్టి మరిచాం.

నాలుగో రోజుకు వాగు ఇంట్లోకొచ్చింది, వెనక గోడ కూలింది. విత్తనాల మూటలతో అటకెక్కిన అవ్వకు అనుమానమొచ్చింది.

"కప్పను ఇడిసిపెట్టిండ్రా?"

మేం నోరు మెదపలేదు.

బాపు మొలలోతు నీళ్లలో దిగి రోకలిని వెతికి, కట్టు విప్పి దండం పెట్టాడు. "తల్లీ, మా పోరగాండ్లకు బుద్ధి లేదు. ఇగ సాలు."

కప్ప ఎగిరి బాపు తలపాగా మీద కూర్చుంది. వాన తగ్గేదాకా అది దిగలేదు, బాపు తలపాగా తీయలేదు.

"ఇంకో రెండ్రోజులు తగ్గదట నానమ్మా" అంది మనవరాలు ఇందాక.

"కప్పను కట్టి ఎవలన్న మరిచిండ్రేమో, వాట్సాప్‌ల అడుగు బిడ్డా" అన్నాను.

నవ్వుతూనే అడిగింది. ఇంతవరకు ఎవరూ నోరు మెదపలేదు. ఆ రోజు మేమూ అంతే.