మా మంద గుర్తు

మా నాయన చివరి ఏళ్ల గురించి ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా అందరూ అన్ననే అడుగుతారు. పక్కనే కూర్చున్న నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడాది అది. జీవితమంతా ఖాజాగూడ గుట్టల్లో గొర్రెలు కాసిన నాయన, ఇంట్లో మనుషులను గుర్తుపట్టలేని స్థితికి వచ్చాడు. వదిన జొన్న గటక గిన్నెలో తెస్తే, "ఎవలమ్మ నువ్వు? నేను మా ఇంటికి పోయి తింట" అనేవాడు. గటక చల్లారిపోయేది. ఆయన పక్కటెముకలు తేలాయి.

ఒక సాయంత్రం చెరువు దగ్గర మా మందలో పొరుగువాళ్ల మంద కలిసిపోయింది. గట్టు మీద కూర్చున్న నాయన లేచి మా గొర్రెలను ఒక్కటీ తప్పకుండా విడదీశాడు. వాటి వీపు మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, రెండు అడ్డగీతలు, మధ్యలో చుక్క ఉంటాయి.

"గొర్లను గుర్తువట్టిండు, మనల్నే మరిచిండు" అన్నాడు అన్న.

నేను ఇంటికొచ్చి జాజు కలిపి నా అంగీ భుజం మీద అదే గుర్తు వేసుకున్నాను. నాయన ఆ గీతలను వేలితో తడిమాడు.

"మనోనివే. తిన్నవా బిడ్డా?" అని నన్నే అడిగి, నేనిచ్చిన గిన్నె ఖాళీ చేశాడు.

మర్నాడు వదిన తన కొంగుకు గుర్తు వేయించుకుంది. అన్న మాత్రం, "నన్ను గూడ మందల తోల్తవా తమ్మీ?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

కొన్నాళ్లకు వదిన పుట్టింటివాళ్లు వస్తున్నారని అన్న గుర్తులన్నీ ఉతికించాడు. చూస్తే పరువు పోతుందట. ఆ పూట నాయన వాకిట్లో కూర్చుని, తన ఇంటికి పోతానని పట్టుబట్టాడు. అన్న స్వయంగా గిన్నె అందిస్తే తోసేశాడు. చుట్టాలు చూస్తుండగానే అన్న జాజులో వేళ్లు ముంచి తన తెల్ల అంగీ మీద గీతలు గీసుకున్నాడు. చుక్కను మధ్యలో కాక పక్కకు పెట్టాడు. నాయన తడిమి చూసి, తన వేలితో మధ్యలో మరో చుక్క పెట్టాడు.

"ఇంతసేపు ఏడికి పోయినవ్ రా?" అంటూ గిన్నె అందుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ మా అందరి భుజాల మీద ఆ గుర్తు ఉంది. ఎవరు పెట్టినా తిన్నాడు. చుట్టాలేమో పెద్దకొడుకు సేవ గురించి, ఆ గుర్తు ఉపాయం కూడా అతనిదేనని ఊరూరా చెప్పారు. అన్న కాదనలేదు.

అన్నా, నీ మనవళ్లు ఇది నీకు చదివి వినిపిస్తారు. ఆ గుర్తు మనుషులకు మొదట వేసింది ఎవరు? వాళ్ల ముందే చెప్పు. రేపు వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను.