వెనక తలుపు

"బూరిష్" అన్న ఇంగ్లీషు మాట నా మీద పడేదాకా దాని అర్థం నాకు సరిగ్గా తెలియదు.

ఎన్నికలైపోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రోజులు. ఆంధ్ర నుంచి దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడ ఒట్టావా అనే చిన్న ఊళ్లోని ఒక బడిలో లెక్కల టీచరుగా చేరాను. నాది ఏడాది కాంట్రాక్టు. ఉద్యోగం నిలవాలంటే మా విభాగం పెద్ద నా గురించి మంచిమాట రాయాలి. ఆవిడ అక్కడే పుట్టిన తెలుగావిడ, చెరకు కొట్టడానికి వచ్చినవాళ్ల మునిమనవరాలు. నాలుగు వరసలు, నాలుగు తిట్లు తప్ప తెలుగు మిగల్లేదు. నాచేత అక్కా అని పిలిపించుకునేది.

మొదటిసారి వాళ్లింటికి వెళ్లి బెల్ కొడితే కోప్పడింది. "ఏ చెల్లి, ఫ్రంట్ డోర్ పాస్టర్‌కి. నువ్వు మన మనిషి. బ్యాక్ రా. నాక్ గీక్ వద్దు."

అప్పటినుంచి ప్రతి శనివారం వెనక తలుపు తోసుకుని తిన్నగా వంటింట్లోకే వెళ్లేదాన్ని. చేపల పులుసు పట్టుకెళితే ఆవిడ నిలబడే తినేసేది. పరాయి దేశంలో నాకు పుట్టిల్లు దొరికిందని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

డిసెంబరులో ప్రిన్సిపాల్ పిలిచి, ఆవిడ రాసిన కాగితం నా ముందు పెట్టాడు. పాఠం బాగానే చెబుతానట. ప్రవర్తన మాత్రం బూరిష్ అట. పిలవకుండా ఇళ్లలోకి వెనకనుంచి చొరబడతానట. ఉన్న ఒక్క పోస్టూ ఆవిడ మేనకోడలికి వెళ్లింది.

స్టాఫ్ రూములో డిక్షనరీ తీశాను. మర్యాద తెలియని మోటు తీరు అని ఉంది. రైతును పిలిచే పాత డచ్చి మాటనుంచి వచ్చిందట. ఒళ్లు మండిపోయింది. మొన్నటిదాకా ఈ దేశాన్ని ఏలిన తెల్లవాళ్లు గర్వంగా చెప్పుకునే బోయర్ అన్న పేరూ ఆ మాటే కదా! మా నాన్న మిరప పండిస్తాడు. ఆవిడ తాతలు చెరకు నరికారు. ఆ లెక్కన ఇద్దరం మోటువాళ్లమే. తిట్టిందని కాదు నా బాధ. తనే తీసిన తలుపును నా నేరంగా రాసింది, అదీ.

ఆవిడ గిన్నె ఒకటి నా దగ్గర ఉండిపోయింది. శనివారం తీసుకెళ్లి ముందు తలుపు దగ్గర బెల్ కొట్టాను.

"ఏంటి చెల్లి, బ్యాక్ ఓపెన్ ఉంది కదా?"

"మీ గిన్నె ఇచ్చిపోదామని వచ్చాను, మేడమ్."

ఆవిడ ముఖం పాలిపోయింది. గిన్నె అందుకుని "థాంక్యూ, మేడమ్" అంది.

గేటు దాటాక ఏడుపు ఆగలేదు. ఆ ఊళ్లో నేను పిలవకుండా వెళ్లగలిగిన ఇల్లు అదొక్కటే.