గంప అడుగున నీళ్ళు

పుంగనూరులో కార్లకు రంగు వేసేవాళ్ళు ఎందరైనా ఉండనీ, పాత రంగు ఒలవడంలో చెంగల్రాయుడి తర్వాతే ఎవరైనా. ఆ మాట ఊరికంటే ముందు ఆయనే చెప్పుకునేవాడు. గరుకు కాగితంతో రోజంతా గీకడమంటే ఆయనకు ఒళ్ళుమంట. తొంభై ఏడులో బెంగుళూరు పోయి, మూతపడిన షెడ్డొకదానిలోంచి గాలి కంప్రెసరూ, ఇసుక పోసే డబ్బా, నాజిలూ కొనుక్కొచ్చి ఇంటి పెరట్లోనే పెట్టాడు. జల్లెడ పట్టిన ఎండు ఇసుక ఆ గాలి జోరుకు రేకు మీద కొట్టిందంటే ఎన్ని పూతల రంగయినా రాలిపోవలసిందే. ఆయన తలకూ మూతికీ ఎర్ర తువ్వాలు చుట్టుకుని నాజిల్ పట్టుకున్నాడంటే భార్య శారదమ్మ మొదలుపెట్టేది.

"ఇంట్లో ఇసక, పడకలో ఇసక, సంగటి ముద్దలో గూడా ఇసకే! యాడన్నా ఊరి బయట పెట్టుకోరాదా?"

ఆమె మాట వింటే ఆయన చెంగల్రాయుడెందుకవుతాడు?

గోడవతల ఇల్లు గోవిందమ్మది. తోడబుట్టింది కాకపోయినా అక్కా అనే పిలుపు. ఆమె కొడుకు రాజేంద్ర లారీ మీద తిరుగుతుంటాడు. ఇంట్లో పట్టుపురుగుల మేపకమంతా ఆమె, కుప్పం నుంచి వచ్చిన కొత్త కోడలు కుసుమ ఇద్దరే చూసుకునేవాళ్ళు. ఆ రోజుల్లోనే మదనపల్లె జయచంద్ర ఒక పాత ఫియట్ తెచ్చి, పెండ్లిళ్ళ సీజనుకు బాడుగకు తిప్పాలి, తొందరగా రంగు మార్చమని చెంగల్రాయుడి నెత్తిన కూర్చున్నాడు.

కుసుమ గోడ దగ్గరికొచ్చి అడిగింది. "చిన్నాయనా, పురుగులు గూడు కట్టే ముందర ఉండాయి. ఆకు మీద దుమ్ము పడితే తినవు. నాలుగు దినాలు ఆపుకుంటావా?"

"దానికేమమ్మా, అట్లే కానీ" అన్నాడు పెద్దమనిషి.

మరుసటి మధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరూ మల్బరీ తోటకు పోయారు. శారదమ్మ సంతకు పోయింది. ఒక్క బానెట్టే కదా, వాళ్ళు వచ్చేలోపు అయిపోతుందిలే అనుకున్నాడు. బానెట్టు తర్వాత డోరు, డోరు తర్వాత ఇంకో డోరు. చేతిలో నాజిల్ ఉంటే ఆయనకు లోకం కనపడదు. తీరా అయ్యాక గోడవతలకు తొంగిచూశాడు. వరండాలో ఆకు గంప మీద కప్పిన తడి గోనెపట్ట గాలికి జారిపోయింది. పచ్చటి ఆకంతా బూడిదరంగుకు తిరిగింది.

గోవిందమ్మ నోరంటే ఆ వీధిలో అందరికీ హడలే. చెంగల్రాయుడు నీళ్ళ పైపు ఈడ్చుకుని గోడ దిగాడు. కొత్తిమీర కడిగినట్టు ఆకంతా శుభ్రంగా కడిగి, దులిపి, గంపలో సర్ది, పైన గోనెపట్ట కప్పాడు. ఎంత తెలివి నాదని మురిసిపోయాడు కూడా. కార్లు తప్ప ఇంకేమీ పట్టని మనిషి. పట్టుపురుగుకు దుమ్ము కంటే నీళ్ళే ఎక్కువ చేటని, తడి ఆకు తింటే పారుకుని చస్తుందని ఆయనకేం తెలుసు?

సాయంత్రం కుసుమ ఆకు వేసే వేళకు కరెంటు లేదు. గోనెపట్ట తడికి ఆకు చెమ్మగా ఉండడం మామూలే గనుక ఆ పిల్లకు అనుమానం రాలేదు. తెల్లవారి నుంచి పురుగులు మెత్తబడి, నల్లబడి రాలిపోవడం మొదలయింది. గోవిందమ్మ గంప ఎత్తి చూసింది. అడుగున నీళ్ళు.

"ఆకు కడిగినావా? నా కొంప తీసినావు గదే!"

"నేను కడగలేదత్తా! పుట్టినప్పటినించీ పురుగులు మేపినోళ్ళం, నాకు తెలీదా?"

"మరి ఎవురొచ్చినారు మనింట్లోకి? దయ్యమొచ్చి కడిగిందా?"

గోడకివతల చెంగల్రాయుడికి అంతా వినపడుతూనే ఉంది. నేనే అక్కా అందామని నోరు తెరిచాడు. పంట నష్టం కట్టమంటుందేమో, వీధంతా నవ్వుతుందేమో అనుకున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

చచ్చిన పురుగుల్ని గుంట తీసి పూడ్చారు. గొడవ పెరిగి పెరిగి, కుసుమ మూట కట్టుకుని కుప్పం పోయింది. లారీ దిగిన రాజేంద్ర కూడా అమ్మ మాటే నమ్మాడు.

ఫియట్ కొత్త పెండ్లికూతురిలా తయారయింది. జయచంద్ర మెచ్చుకుని చేతులు పట్టుకున్నాడు. చెంగల్రాయుడికి ఆ మెప్పు ఒంటికి పట్టలేదు. అన్నం ముందు కూర్చుంటే గంపే కళ్ళలో మెదిలేది. ఇసుక డబ్బాకు గోనెసంచి కప్పేశాడు. "ఏమైంది మీకు?" అని శారదమ్మ అడిగితే కసురుకునేవాడు. రేపు చెబుతా, రేపు చెబుతా అని ఏడాది తిప్పేశాడు, ఛీ, ఏం మనిషి!

చివరికి ఒకనాడు గోవిందమ్మే వచ్చింది. "తమ్ముడా, చౌడేపల్లెలో రాజేంద్రకు ఇంకో పిల్లను చెప్పినారు. ముందు నేను సూసొస్తా. నువ్వు మెరుగు పెట్టిన ఆ కారు తెప్పీప్పా. నువ్వే తోలల్ల."

మదనపల్లె పోయి కారు తెచ్చాడు. గోవిందమ్మ పూలూ పండ్లూ పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. చెంగల్రాయుడు స్టీరింగు పట్టుకున్నాడు గానీ తాళం తిప్పలేదు.

"ఏమప్పా, పెట్రోలు లేదా?"

"అక్కా, ఆ పొద్దు ఆకు కడిగింది నేను."

అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. కొడుతుందని కూడా అనుకున్నాడు. గోవిందమ్మ ఒళ్ళోని పూలూ పండ్లూ తీసి పక్కన సీటు మీద పెట్టింది.

"కుప్పానికి పోనీ" అంది.

పలమనేరు మీదుగా పోయారు. కుప్పంలో పుట్టింటి వాకిట్లోనే కుసుమ మల్బరీ ఆకు తరుగుతోంది. గోవిందమ్మ కారు దిగీ దిగకముందే ఏడుపు అందుకుంది. "తప్పయిపోయిందే అమ్మా, నువ్వు కడగలేదంట. మీ చిన్నాయన చెప్పినాడు."

"ఆ మాట ఆ పొద్దే నేను చెప్పినా గదత్తా" అంది కుసుమ. గొంతు పెంచలేదు.

అప్పుడు కుసుమ చెంగల్రాయుడి వైపు తిరిగింది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"పైపు ఈడ్చిన గుర్తు నేను సూసినా చిన్నాయనా. చెప్తే పక్కింటోళ్ళ మీదికి తోస్తాండానంటారని చెప్పలేదు. మూట కట్టుకునేటప్పుడు గూడా గోడవతల నీ ఎర్రతువ్వాలు కనపడతానే ఉండె. ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడని నిదానంగా కట్టుకుంటా ఉంటిని."

ఆకు గంప ఎత్తుకుని పురుగుల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.